ప్రభుత్వాసుపత్రిలో అపాయింట్‌మెంట్ ఉన్నా డాక్టరును చూడలేకపోయాం: విజయవాడ, గుంటూరు వారి అనుభవాలు తెలుపగలరు

కృష్ణలంక నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయవాడ, గుంటూరు ప్రాంతాల ప్రభుత్వాసుపత్రులలో చూపించుకున్నవారి అనుభవం తెలుసుకుందామని ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగైన విషయం, ఓపికగా చదవమని మనవి.

మా అమ్మగారికి 66 ఏళ్ళు. ఆరేడు నెలలుగా ఆమె కుడిచెయ్యి వణుకుతున్నది. గ్లాసో గరిటో పట్టుకున్నప్పుడు అంతగా తెలియదు గానీ, ఒడిలో చెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చున్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు వాటంతట అవే మెదులుతూ ఉంటాయి. నడక కూడా నెమ్మదించింది. మా వీధి చివర క్లినిక్ డాక్టరుగారు చూసి, న్యూరాలజీ (నరాల జబ్బుల) నిపుణులకు చూపించమన్నారు. ప్రైవేటులో ఫీజు, స్కానింగు, పరీక్షలు కలిపి ఎంతవుతుందో విచారించాక, పెద్దాసుపత్రికే పోదామని అమ్మే అన్నది. నేను ఆటోనగర్‌లో ఒక విడిభాగాల దుకాణంలో లెక్కలు రాస్తాను. రానిరోజుకు జీతం ఉండదు. ఇప్పటికి మూడు రోజుల జీతం పోయింది, అమ్మ మాత్రం ఇంకా న్యూరాలజీ డాక్టరు గది గడప దాటలేదు.

మొదటిరోజు తప్పు నాదే. దుకాణం తాళాలు అప్పగించి, అమ్మను తీసుకుని వెళ్ళేసరికి పదకొండున్నర దాటింది, ఓపీ చీటీల కిటికీ అప్పుడే మూస్తున్నారు. రెండోరోజు ఎనిమిదింటికే వెళ్ళి వరుసలో నిలబడి చీటీ తీసుకున్నాను. జనరల్ మెడిసిన్‌లో ఒక యువ డాక్టరు శ్రద్ధగానే చూసి, చీటీ మీద న్యూరాలజీకి రాసి పంపారు. ఆ విభాగం వెతుక్కుంటూ వెళితే తలుపు వేసి ఉంది. అక్కడ ఓపీ వారానికి రెండు రోజులేనని, ఆ రోజు కాదని, నేల తుడుస్తున్న ఆయమ్మ చెప్పింది. ఆ ముక్క చీటీ ఇచ్చినచోట ఎవరూ చెప్పలేదు.

మూడోసారి ఈ తిప్పలన్నీ ఎందుకని ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోబోయాను. దానికి ఆభా (ఆరోగ్య రికార్డుల గుర్తింపు) నంబరు కావాలన్నది. ఆభా తీయబోతే ఓటీపీ మా నాన్నగారి పాత నంబరుకు వెళ్తున్నది. ఆయన పోయి నాలుగేళ్ళయింది, ఆ సిమ్ము ఎప్పుడో ఆగిపోయింది. అమ్మ ఆధార్‌కు నా నంబరు కలిపించడానికి ఇంకొక పూట పోయింది. చివరికి సరైన రోజే చూసుకుని పది నుంచి పదకొండు గంటల మధ్య సమయం తీసుకున్నాను. తొమ్మిదిన్నరకే వెళ్ళాం. ఆన్‌లైన్ వారికి వేరే కిటికీ అని బోర్డు ఉన్నది గానీ లోపల మనిషి లేరు. మామూలు వరుసలోనే నిలబడి, పదకొండుంబావుకు చీటీ చేతికి వచ్చింది. అది పట్టుకుని పైకి వెళ్ళేసరికి బల్ల మీద చీటీల దొంతర ఉన్నది, మాది అన్నిటికన్నా అడుగున పెట్టారు. ఒంటిగంట దాటాక సిస్టరుగారు బయటకు వచ్చి, మిగిలినవారు మళ్ళీ ఓపీ రోజున రమ్మన్నారు. ఫోనులో ఉన్న సమయం చూపిస్తే, "అది చీటీ తీసుకోవడానికి టైము బాబూ, డాక్టరుగారిది కాదు" అన్నారు.

ఆసుపత్రి పేరు కావాలనే రాయడం లేదు. ఇద్దరు ముగ్గురిని అడిగితే వేరే చోట్ల కూడా ఇంచుమించు ఇదే మాట చెప్పారు. నా సందేహాలు ఇవి. ఈ ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్ వల్ల మనకు నిజంగా దక్కేది ఏమిటి? మొదట చూసిన డాక్టరే మళ్ళీ చూసే వీలుంటుందా? మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్ళడం మేలా, లేక పేటలో ఉన్న పట్టణ ఆరోగ్య కేంద్రం నుంచి మొదలుపెట్టడం మేలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


కొత్తపేట, గుంటూరు (విశ్రాంత స్టాఫ్ నర్సు)

బాబూ, మీ ప్రశ్న చదివి మనసు చివుక్కుమన్నది, ఎందుకంటే ఆ "మళ్ళీ రండి" అనే మాట ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నేనూ ఎన్నోసార్లు అన్నాను. అనేవారికి అది రోజూ అనే మాట, వినేవారికి మాత్రం ఒక రోజు కూలి. నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తాను.

మీకు సిస్టరు చెప్పినది నిజమే. ఓపీ చీటీ అంటే ఆ రోజు ఆసుపత్రి పుస్తకంలో మీ పేరు ఎక్కిందని అర్థం, అంతకు మించి ఏమీ కాదు. కంప్యూటరు ఇచ్చే సమయం కింద కిటికీ దగ్గర జనాన్ని విడదీయడానికి ఏర్పాటు చేసినది. పైన విభాగంలో చీటీలు ఏ వరుసలో చేరితే ఆ వరుసలోనే పిలుస్తారు. అందువల్ల ఆన్‌లైన్‌లో తీసుకున్నా, తీసుకోకపోయినా, కింద చీటీ చేతికి వచ్చిన క్షణం నుంచి పైన బల్ల మీద పెట్టేవరకు మధ్యలో ఆగకూడదు. చాలామంది చీటీ రాగానే టిఫిను చేసి వద్దామని వెళ్తారు, తిరిగి వచ్చేసరికి వారి ముందు నలభై చీటీలు చేరి ఉంటాయి.

ఇక వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రులు ఎలా నడుస్తాయో తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి. జనరల్ మెడిసిన్, సర్జరీ, ఎముకల విభాగం వంటి పెద్ద విభాగాలు యూనిట్లుగా ఉంటాయి. ఒక్కొక్క యూనిట్‌కు ఒక పెద్ద డాక్టరు, ఆయన కింద అసిస్టెంట్ ప్రొఫెసర్లు, పీజీ విద్యార్థులు (ఎంబీబీఎస్ అయ్యాక పై చదువు చదివే డాక్టర్లు). ఒక్కొక్క యూనిట్‌కు వారంలో కొన్ని ఓపీ రోజులు నిర్ణయించి ఉంటాయి, మిగిలిన రోజులు వారు వార్డులలో రోగులను చూస్తారు, సర్జన్లయితే థియేటరులో ఉంటారు. మీ అమ్మగారిని సోమవారం యూనిట్ చూసిందనుకోండి, మీరు బుధవారం వెళ్తే వేరే యూనిట్ ఉంటుంది, వాళ్ళు కథ మొత్తం మొదటి నుంచి అడుగుతారు, మందు మార్చినా మారుస్తారు. మొదటి డాక్టరే మళ్ళీ చూడాలంటే చీటీ మీద ఏ యూనిట్, వారంలో ఏ రోజు అన్నది అక్కడున్న పీజీ డాక్టరు చేత రాయించుకోవాలి. అడిగితే రాస్తారు. అడిగేవారే తక్కువ.

న్యూరాలజీ, కిడ్నీ వంటి సూపర్ స్పెషాలిటీ విభాగాలలో డాక్టర్లు కొద్దిమందే కాబట్టి అక్కడ ఓపీ రోజూ ఉండకపోవచ్చు. ఆ రోజులు విభాగం తలుపు పక్కన బోర్డు మీద రాసి ఉంటాయి గానీ గేటు దగ్గర కనబడవు. "మే ఐ హెల్ప్ యూ" అని బల్ల ఉన్న చోట ముందుగా అడిగి, ఆ తరువాతే వరుసలో నిలబడండి. వీలైతే అసలు రోజుకు ముందు రోజు సాయంత్రం మీరు ఒక్కరే వెళ్ళి చూసి రండి, అమ్మగారిని తిప్పడం తప్పుతుంది. సోమవారం, పండుగ మర్నాడు జనం ఎక్కువ. గుంటూరు పెద్దాసుపత్రికయితే 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినా పల్నాడు, బాపట్ల, ప్రకాశం వైపు వారు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. పొద్దున బయలుదేరిన పల్లె బస్సులు ఊళ్ళోకి చేరే వేళకు కిటికీ దగ్గర ఒక్కసారిగా రద్దీ పెరుగుతుంది, దానికి ముందే మీ చీటీ పైకి చేరాలి.

పీజీ డాక్టరు చూశారని చిన్నబుచ్చుకోకండి. రోగి చెప్పేది పూర్తిగా వినేది వారే. పెద్ద డాక్టరుకు వారు చెప్పే నాలుగు ముక్కల మీదే వైద్యం నడుస్తుంది, కాబట్టి ఆ నాలుగు ముక్కలూ సరిగ్గా ఉండేలా చూసుకోవాలి. అమ్మగారి వణుకు ఊరికే ఉన్నప్పుడు వస్తున్నదా, పని చేసేటప్పుడు వస్తున్నదా అన్నది చాలా ముఖ్యం. మీరు గమనించారు, అదే మాట అక్కడ చెప్పండి. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు చెయ్యి నిలకడగా ఉండి మనల్ని అబద్ధాలకోరులను చేయడం మామూలే గనుక, ఇంట్లో ఉన్నప్పుడు ఫోనులో అర నిమిషం వీడియో తీసి ఉంచండి. ఆమె వాడుతున్న మందులన్నీ, వాడి మానేసినవి కూడా, చీటీలతో సహా సంచిలో వేసుకెళ్ళండి. తలతిరుగుడుకు, వాంతులకు ఇచ్చే కొన్ని మాత్రలు నెలల తరబడి వాడితే ఇటువంటి వణుకే వస్తుంది, అది తేలకుండా ముందుకు పోరు. చేతిరాత మారిందేమో కూడా చూడండి. పాత రాత ఏదైనా ఉంటే తీసుకెళ్ళండి, కొన్ని జబ్బులలో అక్షరాలు రానురాను చిన్నవవుతాయి.


తాడేపల్లి వాసి

ఎయిమ్స్ గురించి అడిగారు కాబట్టి నాకు తెలిసినది రాస్తున్నాను. మా నాన్నగారిని రెండేళ్ళుగా అక్కడికే తీసుకువెళ్తున్నాను.

పాత టీబీ శానిటోరియం ఉన్న కొండ కింది స్థలంలో 2015 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, 2018లో వైద్య విద్యార్థుల తరగతులు మొదట విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలో మొదలయ్యాయి, 2019 మార్చి నుంచి మంగళగిరిలో ఓపీ నడుస్తున్నది. చాలామంది 2024 ఫిబ్రవరిలో ప్రధాని జాతికి అంకితం చేసిన తరువాతే వైద్యం మొదలయిందనుకుంటారు గానీ అప్పటికే మా వీధిలో సగం మంది దగ్గర అక్కడి కార్డులున్నాయి.

ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్ 2015 జూలైలో కేంద్రం ప్రారంభించిన ఓఆర్‌ఎస్ (ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ సిస్టమ్) అనే వెబ్‌సైటులో తీసుకుంటాం. రాష్ట్రం, ఆసుపత్రి, విభాగం ఎంచుకుంటే తేదీలు కనిపిస్తాయి. మీ రెండోరోజు ఇబ్బంది, అంటే ఓపీ లేని రోజున వెళ్ళడం, ఇక్కడ ముందే తేలిపోతుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు యూహెచ్‌ఐడీ అనే నంబరు ఇస్తారు, నామమాత్రపు రుసుము ఉంటుంది. తరువాత ఎప్పుడు వెళ్ళినా అదే నంబరు. పాత పరీక్షల ఫలితాలు ఆ నంబరు మీద కంప్యూటరులో కనబడతాయి కాబట్టి కాగితాల కట్ట మోయనక్కరలేదు, అయినా మా నాన్నగారు మోస్తూనే ఉంటారు.

ఆభా నంబరు గురించి ఒక మాట. 14 అంకెల ఆ నంబరు ఆరోగ్య రికార్డులను కలిపే గుర్తింపు మాత్రమే. మా పక్కింటివారు దాన్ని ఉచిత వైద్యానికి ఇచ్చే ఆయుష్మాన్ కార్డు అనుకుని, ఆపరేషను ఖర్చు అందులో పోతుందని ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళి భంగపడ్డారు. ఆభా ఉన్నందువల్ల కలిగే మేలు వేరే. 2022 అక్టోబరు నుంచి చాలా ప్రభుత్వాసుపత్రులలో గోడ మీద క్యూఆర్ కోడ్ పెట్టారు. ఫోనుతో దాన్ని స్కాన్ చేస్తే మన వివరాలు కిటికీలోని కంప్యూటరుకు చేరి టోకెన్ నంబరు వస్తుంది. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు చెప్పి రాయించుకునే సమయం మిగులుతుంది. అంతవరకే. డాక్టరు గది ముందు వేచి ఉండడం ఎక్కడైనా తప్పదు, మంగళగిరికి వెళ్ళినా ఆ రోజు వేరే పని పెట్టుకోకుండానే బయలుదేరాలి.

మీరు కృష్ణలంకలో ఉంటున్నారు, దుకాణం ఆటోనగర్. మంగళగిరికి బస్సులు బాగానే ఉన్నాయి గానీ, వణుకుతో పాటు నడక నెమ్మదించిన మనిషిని నెలనెలా తీసుకువెళ్ళగలరో లేదో ముందే ఆలోచించుకోండి. ఇటువంటి జబ్బులో ఒకసారి చూపించడంతో అయిపోదు. ఏళ్ళ తరబడి వెళ్ళాల్సి రావచ్చు.


గుణదల నుంచి

పైన చెప్పిన సలహాలన్నీ మంచివే, కానీ నాకొక అభ్యంతరం ఉన్నది. ముందురోజు సాయంత్రం వెళ్ళి బోర్డు చూసి రమ్మనడం, పల్లె బస్సులకన్నా ముందు చేరమనడం, చీటీ మీద యూనిట్ రాయించుకోమనడం, ఇవన్నీ వ్యవస్థ చేయవలసిన పనిని రోగి చేత చేయించడమే కదా? సమయం ఇచ్చినవారు ఆ సమయానికి చూడాలి. చూడలేకపోతే ఆ సమయం ఇవ్వకూడదు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో తీసుకున్నవారి చీటీ, ఎనిమిదింటి నుంచి నిలబడినవారి చీటీ చివరికి ఒకే దొంతరలో చేరుతున్నప్పుడు, ముందు వచ్చినవారికి అన్యాయం చేయకుండా సమయాన్ని పాటించడం సిస్టరుకు మాత్రం ఎలా సాధ్యం? ఒక్కొక్క గంటలో ఆన్‌లైన్ వారికి ఇన్ని, నేరుగా వచ్చినవారికి ఇన్ని అని విడదీసి, ఆ లెక్కను డాక్టరు గది తలుపు మీద రాసిపెడితే సగం గొడవలు ఉండవు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా అత్తగారిని ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడు చక్రాల కుర్చీ తోసినందుకు వంద రూపాయలు, ఎక్స్‌రే దగ్గర "ముందు పంపిస్తాను" అన్నందుకు ఇంకొక వంద అడిగారు. మేము రెండోది ఇవ్వలేదు. మొదటిది ఇచ్చాం, ఎందుకంటే ఆమె నడవలేదు. మర్నాడు ఆర్‌ఎంఓ (ఆసుపత్రి పాలన చూసే డాక్టరు) గారికి కాగితం రాసి ఇస్తే, ఆయన తీసుకుని సంతకం పెట్టి నకలు ఇచ్చారు. ఆ తరువాత ఏమయిందో మాకు తెలియదు, కానీ మళ్ళీ వెళ్ళినప్పుడు కుర్చీ దగ్గర డబ్బులు అడగలేదు. ఆసుపత్రిలో తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. కృష్ణలంక వారు కూడా ఆన్‌లైన్ కిటికీలో మనిషి లేని సంగతిని తేదీ, సమయంతో సహా రాసి ఇవ్వమని నా మనవి. నోటితో చెబితే ఎవరికీ చేరదు.

ఇంకొకటి, విజయవాడలో ఆటో ఎక్కేటప్పుడు "పెద్దాసుపత్రి" అని ఊరుకోకండి. హనుమాన్‌పేటలో పాతది, మా గుణదల వైపు కొత్తది, రెండూ ప్రభుత్వానివే. కాన్పుల విభాగం పాతదానిలో ఉన్నది. నిండు గర్భిణిని తీసుకుని పొరపాటున ఇటు వచ్చి, మళ్ళీ అటు పరుగెత్తిన కుటుంబాన్ని నేను కళ్ళారా చూశాను.


నరసరావుపేట దగ్గరి పల్లె నుంచి

చిన్న ఆసుపత్రి నుంచి మొదలుపెట్టడం మేలా అని అడిగారు. మేలే, అయితే దేనికి మేలో, దేనికి కాదో చెబుతాను.

మా వైపు చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలోనే 2023 ఏప్రిల్ 6న ఫ్యామిలీ డాక్టరు విధానాన్ని ప్రారంభించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇద్దరు డాక్టర్లు ఉంటే, ఒకరు కేంద్రంలోనే ఉండి ఓపీ చూస్తారు, రెండోవారు 104 వాహనంతో ఊళ్ళు తిరుగుతారు. ఒక ఊరికి నెలకు రెండుసార్లు రావాలన్నది నియమం. బీపీ, షుగరు ఉన్నవారికి ఇది పెద్ద ఆసరా. మా ఆయనకు షుగరు మందులు ఊళ్ళోనే అందుతున్నాయి, వాటి కోసం బస్సెక్కి రెండేళ్ళయింది. పైగా వచ్చే డాక్టరమ్మ మనిషిని గుర్తుపడుతుంది, క్రితంసారి ఎంత ఉన్నది, ఇప్పుడెంత ఉన్నది అని ఆమే అడుగుతుంది.

అయితే ఆయనకు పాదాలలో మంటలు వచ్చినప్పుడు విషయం వేరేగా నడిచింది. హెల్త్ క్లినిక్‌లోని ఎంఎల్‌హెచ్‌పీ (ఊళ్ళో ప్రాథమిక వైద్యం చూసే ఉద్యోగిని) అమ్మాయి ఈ-సంజీవని అనే ప్రభుత్వ దూరవైద్య సేవ ద్వారా వీడియోలో పెద్ద డాక్టరుతో మాట్లాడించింది. ఊళ్ళోనే కూర్చుని మాట్లాడటం వరకు బాగానే ఉన్నది, ఆ డాక్టరు మందు కూడా రాశారు. కానీ పాదం తాకి చూడాలి, సూదితో గుచ్చి స్పర్శ తెలుస్తున్నదో లేదో చూడాలి, అది వీడియోలో కుదరదని వారే చెప్పి గుంటూరు వెళ్ళమన్నారు. మీ అమ్మగారి వణుకు కూడా అటువంటిదే అనిపిస్తున్నది, చేతిని వంచి చూడాలి, నడిపించి చూడాలి. కాబట్టి చిన్న ఆసుపత్రి దగ్గర ఆగిపోకండి, అక్కడి డాక్టరు చేత ఒక ఉత్తరం మాత్రం రాయించుకోండి. పెద్దాసుపత్రిలో ఆ ఉత్తరం తప్పనిసరి ఏమీ కాదు. కానీ మేము ఉత్తరం చూపించినందువల్ల జనరల్ మెడిసిన్‌కు వెళ్ళి, మళ్ళీ అక్కడి నుంచి పంపించుకునే పని లేకుండా నేరుగా కావలసిన విభాగానికే చీటీ ఇచ్చారు. మీ రెండోరోజు వృథా అయినది సరిగ్గా అక్కడే.

రైస్ కార్డు మీద వచ్చే ఎన్టీఆర్ వైద్యసేవను కూడా కొందరు ఓపీకి వాడుకోవచ్చనుకుంటారు. మా చుట్టాలలో ఒకరు అలాగే కార్డు పట్టుకుని వెళ్ళారు. ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సలకు, ఆపరేషన్లకు. ఆ అవసరం పడినప్పుడు ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్ర ఉంటారు, ముందు ఆయనను కలవాలి.


అరండల్‌పేట, గుంటూరు (విశ్రాంత ఉపాధ్యాయిని)

కొంచెం పక్కకు పోతున్నానేమో గానీ, నిరుడు ఆరు నెలలు మా అమ్మాయి దగ్గర ఇంగ్లండులో ఉండి చూసినది చెప్పాలనిపించింది. అక్కడ 1948 జూలై 5 నుంచి అందరికీ ప్రభుత్వ వైద్యమే, ఫీజు లేదు. ఎవరికి వారు తమ పేటలోని జీపీ అనే డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకుని ఉంటారు. మా అల్లుడికి నడుము నొప్పి వచ్చినప్పుడు పొద్దున ఎనిమిది కొట్టగానే ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఎనిమిదింటికి ఫోన్లు తీస్తారు, ఆ రోజు సమయాలు కొద్దిసేపటిలోనే అయిపోతాయి. "మీ ముందు ఇరవైమంది ఉన్నారు" అని ఫోనులో యంత్రం చెబుతుంటే, మన ఓపీ కిటికీ ముందు నిలబడ్డవాళ్ళే నాకు గుర్తుకు వచ్చారు. అక్కడివారు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ నిలబడతారు, అదొక్కటే తేడా.

అసలు తేడా తరువాత తెలిసింది. ఆ జీపీ ఉత్తరం రాస్తే తప్ప పెద్ద డాక్టరు దగ్గరికి పోవడానికి వీలులేదు. ఉత్తరం వెళ్ళిన తరువాత 18 వారాలలోగా చికిత్స మొదలుకావాలన్నది వారు పెట్టుకున్న గడువు, అది దాటిపోతున్నదని పేపర్లలో రోజూ రాస్తుంటారు. మనకు అటువంటి తలుపు లేదు. జలుబుకయినా, గుండెకయినా అందరం ఒకే కిటికీ ముందు చేరుతాం కాబట్టి న్యూరాలజీ వంటి చోటికి నిజంగా అవసరమైనవారు ఆ జనంలోనే ఇరుక్కుపోతారు. అయితే సరైన రోజున, సరైన వేళకు వెళ్ళగలిగితే అదే పూట నిపుణుడిని చూడగలగడం కూడా ఆ తలుపు లేనందువల్లే. మా అల్లుడు నాకు ఈ మాట చెప్పి మరీ ఈర్ష్య పడ్డాడు.


కృష్ణలంక నివాసి

సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి.

పల్లెటూరి అమ్మగారు చెప్పినట్లు ముందు మా పేటలోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం. ఇన్నాళ్ళూ దాని ముందు నుంచే రోజూ దుకాణానికి వెళ్ళివస్తూ ఒక్కసారి కూడా లోపలికి పోలేదు. డాక్టరుగారు షుగరు, థైరాయిడ్ పరీక్షలు అక్కడే రాసి, ఫలితాలతో పాటు ఒక పేజీ ఉత్తరం ఇచ్చారు. ముందురోజు సాయంత్రం నేనొక్కడినే వెళ్ళి బోర్డు చూసి వచ్చాను. అసలు రోజున ఏడున్నరకు చేరాం, తొమ్మిది కాకముందే చీటీ పైకి చేరింది. గుణదల వారు కోప్పడతారేమో గానీ, ఈసారి ఆన్‌లైన్ జోలికి పోలేదు. కిటికీలో మనిషి లేని సంగతి మాత్రం వారు చెప్పినట్లే తేదీ వేసి రాసి ఇచ్చాను, నకలు నా దగ్గర ఉన్నది.

గుంటూరు సిస్టరుగారు చెప్పిన చేతిరాత సంగతి చదివాక ఇంట్లో వెతికితే అమ్మ రామకోటి పుస్తకాలు దొరికాయి. ఆమె పన్నెండేళ్ళుగా రాస్తున్నది. రెండేళ్ళ క్రితం పుస్తకంలో గీతకు గీతకు మధ్య నిండుగా ఉన్న "శ్రీరామ", ఈ ఏడాది పుస్తకంలో పేజీ పైన కొంచెం పెద్దగా మొదలై కిందికి వచ్చేసరికి చీమంత అయింది. ఒకే గదిలో ఉంటూ నేను ఎన్నడూ గమనించలేదు. అమ్మ గమనించిందట, కళ్ళజోడు మార్చాలనుకున్నదట. పీజీ డాక్టరు ఆ రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు, వేళ్ళు టపటప కొట్టించారు, వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించారు, నడిచేటప్పుడు కుడిచెయ్యి ఊగడం లేదని నాకు చూపించారు. తరువాత పెద్ద డాక్టరుగారు వచ్చి అయిదు నిమిషాలు చూసి, పార్కిన్‌సన్స్ (వణుకుడు జబ్బు) అని చెప్పి, లెవోడోపా అనే మందు చిన్న మోతాదులో మొదలుపెట్టారు. అన్నానికి అరగంట ముందు వేసుకోమన్నారు. నాలుగు వారాల తరువాత, వారంలో అదే రోజున రమ్మన్నారు, యూనిట్ పేరు అడిగి రాయించుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బయటకు వచ్చాం. ఆ రోజు జీతం కూడా పోయింది, కానీ దానికి విచారం లేదు.

ఇప్పుడు చిన్న సందేహం. వారు రమ్మన్న తేదీ సరిగ్గా దసరా సెలవున పడింది. మాత్రలు ఆ రోజు వరకే ఉన్నాయి. ఏం చేయాలి?


కొత్తపేట, గుంటూరు (విశ్రాంత స్టాఫ్ నర్సు)

సెలవు తరువాత వచ్చే అదే యూనిట్ ఓపీ రోజున వెళ్ళండి, మధ్యలో వేరే రోజున వెళ్ళకండి. అయితే ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు, ఒళ్ళు బిగుసుకుపోయి ప్రమాదం కావచ్చు. అందుకని సెలవుకు నాలుగు రోజులు ముందే, అమ్మగారు లేకుండా, పాత చీటీతో మీరు ఒక్కరే ఓపీ రోజున వెళ్ళి పీజీ డాక్టరుకు విషయం చెప్పండి, మళ్ళీ వచ్చేరోజు వరకు సరిపోయేలా రాస్తారు. మందుల కౌంటరులో ఆ మాత్ర అప్పటికి అయిపోయిందంటే కంగారుపడవద్దు, జన ఔషధి దుకాణంలో ఉన్నదేమో చూడండి. చీటీలో ఉన్న మోతాదే ఇస్తున్నారో లేదో అంకెలతో సహా సరిచూసుకోండి, ఈ మందులో ఒకే పేరుతో రెండు మూడు మోతాదులు ఉంటాయి.

రామకోటి మానవద్దని అమ్మగారికి చెప్పండి. ఈసారి వెళ్ళేటప్పుడు మందు వేసుకున్న తరువాత రాసిన పేజీని వేరుగా గుర్తుపెట్టి తీసుకెళ్ళండి, డాక్టరు తప్పకుండా అడుగుతారు.